పసుపు పెట్టిన వీల్

దేవుడి పేరు మీద, మంచి మనసుతో, తెలియక చేసిన పని ఒక ప్రాణం తీస్తే ఆ పాపం ఎవరిది? రోజూ దీపం పెట్టుకుని గాని కాఫీ ముట్టని ఇల్లు మాది. అయినా ఈ సందేహం నన్ను ఏళ్ళుగా వదలలేదు. పురాణం చెప్పే శాస్త్రిగారిని అడిగాను. "తెలియక చేస్తే దోషం లేదు" అన్నారాయన. అంత సులువుగా ఎందుకన్నారంటే, ఆయన ఆండాలు ముఖం చూడలేదు.

నేనూ చూడలేదు. ఇన్‌స్పెక్టర్ వీరరాఘవరావు చూశాడు. ఆయన చెప్పగా విన్నాను.

* * *

1981 అక్టోబర్. దీపావళి ఇంకా అయిదు రోజులుంది.

ఉదయం ఎనిమిదికి వీరరాఘవరావు సైదాబాద్‌లోని ఇంటి నుంచి స్టేషన్‌కు వచ్చాడు. వరండాలో ఒక ఆడమనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతులు రెండూ కొంగులో చుట్టి దాచుకుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఆండాలు సార్. ఉప్పుగూడ."

"ఏం కావాలి?"

"నన్ను లోపలెయ్యండి సార్. నా పెనిమిటిని నేనే సంపిన."

హెడ్ కానిస్టేబుల్ వామన్‌రావు లోపలి నుంచి పరుగున వచ్చాడు.

"సార్, ఈమె మాటలు పట్టించుకోకండి. మొన్న సోమవారం కేసు. రామ్‌చందర్ షెడ్డు. యాక్సిడెంట్. పంచనామా అయింది, శవం ఇచ్చేసినం. మొగడు పోయిన బాధల ఏదో మాట్లాడుతున్నది."

వీరరాఘవరావు ఆమెను లోపల బెంచీ మీద కూర్చోబెట్టి ఫైలు తెప్పించుకున్నాడు.

చనిపోయింది ఈశ్వరయ్య. వయసు ముప్పై ఆరు. ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షెడ్డులో గ్రైండర్ పనివాడు. సోమవారం ఉదయం తొమ్మిది పదికి అతని చేతిలో గ్రైండర్ వీల్, ఇనుము కోసే గుండ్రటి బిళ్ళ, పగిలింది. ఒక ముక్క గొంతులో దిగింది. మనిషి పడిపోయాడు. మెషీన్ మాత్రం ఆగలేదు. అతని పక్కనే నేల మీద, రక్తంలో గిరగిరా తిరుగుతూ ఉంది. వెల్డర్ లక్ష్మయ్య వచ్చి వైరు పీకేదాకా అలాగే తిరిగింది.

వీల్ మీద కప్పే రేకు, గార్డ్, మెషీన్‌కు లేదు. "మృతుడే తీసివేసెను" అని ఫైల్లో ఉంది. చెప్పింది యజమాని రామ్‌చందర్.

"ఇప్పుడు చెప్పమ్మా. నువ్వెలా చంపావు?"

"దసరాకు ఆయుధపూజ జేస్తం గద సార్. సేఠ్ ఇంటామె షెడ్డుకు రాదు. ఏటా నేనే జేస్త. సుత్తెలు, పానాలు, మిషిన్లు తుడిచి పసుపు కుంకుమ పెడ్త. ఈసారి ఆరు కొత్త వీల్స్ ఉండె. నల్లగ, దుమ్ము దుమ్ముగ ఉండె. దేవుని ముందర పెట్టేటియి, కడగకుండ ఎట్ల పెడ్త? ఇత్తడి తాంబాళంల పసుపు నీళ్ళు పోసి రాత్రంత నానబెట్టిన."

"తరవాత?"

"పొద్దుగాల తీసి తుడిచి, నాలుగు దిక్కుల నాలుగు బొట్లు పెట్టిన. అన్నిటికి."

"మీ ఆయన ఏమన్నాడు?"

ఆమె కొంగు మరికాస్త బిగించుకుంది.

"జర సేపు సూసిండు. ఎనక నవ్విండు. ఏం ఫికర్ జెయ్యకు, ఎండల పెడితే మంచిగైతయి అన్నడు."

"మరి నీ వల్ల చనిపోయాడని ఎవరన్నారు?"

"సేఠ్ సార్. మూడో దినం కర్మకు వచ్చిండు. అందరు లేసినంక నన్ను పక్కకు పిలిచి పగిలిన ముక్క సూపెట్టిండు. దాని మీద పసుపు. 'సూడు, ఇది నీ పసుపే గద? నీళ్ళు తగిలిన వీల్ బాంబు లెక్క. నీ భక్తి నీ మొగణ్ణి మింగింది. లొల్లి జేసినవంటే ముందుగాల నీ పేరే బయటికొస్తది' అన్నడు. ముక్క మల్ల జేబుల పెట్టుకున్నడు."

"అయినా వచ్చావు?"

"ఈ చేతులతోని అన్నం కలుపుకోబుద్ధైతలేదు సార్. కొయ్యుండ్రి, లేకుంటే లోపలెయ్యండి."

* * *

"వామన్‌రావ్, ఆ ముక్క ఎక్కడుంది?"

"సేఠ్ నిన్న తెచ్చి ఇచ్చిండు సార్. షెడ్డుల మూలకు దొరికిందని."

కాగితం పొట్లంలో వచ్చింది. నల్లటి ముక్క, అరచేయంత. రాయి లాంటి గరుకుదనం. మధ్యలో వలలా అల్లిన దారాల జాలి పోగులు బయటికి వచ్చి ఉన్నాయి. ముఖం మీద పసుపు. పగిలిన అంచు మీద కూడా పసుపు, ఆ పోగుల సందుల్లోకి దిగి ఎండిపోయి ఉంది. అక్కడక్కడ పసుపు కింద నల్లబడిన రక్తం.

వీరరాఘవరావు దాన్ని కిటికీ దగ్గర రెండుసార్లు తిప్పి చూశాడు. ముక్కను జాగ్రత్తగా మళ్ళీ పొట్లం కట్టాడు.

"వీల్స్ ఎక్కడ కొంటారు వీళ్ళు?"

"అఫ్జల్‌గంజ్‌ల సార్. మొయినుద్దీన్ భాయ్ దుకాణం."

పదిన్నరకు జీపు అక్కడ ఆగింది. మొయినుద్దీన్ భాయ్ గల్లా దగ్గర నుంచి లేచి సలాం చేశాడు. ఈశ్వరయ్య పేరు చెప్పగానే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"అచ్ఛా ఆద్మీ సాబ్. రెండు వీల్స్ కొననీకి అరగంట దుకాణం ఆపుతుండె. పెండ్లిపిల్లను గూడ గట్ల సూడరు. ఒకనాడు నేనే అన్న, అరే ఈశ్వరయ్య, మాల్ తీస్కపోతవా, జాతకం సూస్తవా అని."

"ఏం చూసేవాడు?"

"సస్తా మాల్ ఎన్నడు అడగలే. ధర తక్కువది కాదు భాయ్, ఎక్కువ దినాలు కోసేది ఇయ్యి, గదే సస్తా అంటడు. వీల్‌ను వేలికి తగిలించి స్క్రూడ్రైవర్ పిడితోని టక్కున కొడతడు. ఆవాజ్ సాఫ్ రావాలె. మొద్దుగ వచ్చిందంటే వాపస్. లోపల జాలి నిండుగ ఉన్నదా సూస్తడు. ఇగ స్పీడ్ నంబర్. మిషిన్ ఎంత జోరుగ తిరుగుతదో, వీల్ మీద రాసిన నంబర్ దానికన్న ఎక్కువుండాలె. తక్కువుంటే ఫుకట్‌ల ఇచ్చినా ముట్టడు. ఆఖరికి వాసన గూడ సూస్తడు, చెమ్మ తగిలిందేమోనని."

"చెమ్మ తగిలితే?"

"బేకార్. లోపలి జిగురు సచ్చిపోతది. ఎండబెట్టినా మల్ల రాదు. గా ముచ్చట నాకు చెప్పిందే ఈశ్వరయ్య."

వీరరాఘవరావు తల ఎత్తాడు.

"అంటే నీళ్ళలో నానిన వీల్ పనికిరాదని అతనికి తెలుసు?"

"తెలుసుడేంది సాబ్. చెమ్మ వాసన వచ్చిందని ఒక డబ్బా మొత్తం నాకు వాపస్ ఇచ్చిండు."

"ఆఖరిసారి ఎప్పుడొచ్చాడు?"

"దసరా అయినంక. ఆరు వీల్స్ తీసి పక్కకు పెట్టుమన్నడు. సేఠ్‌ను ఒప్పించి వస్త అన్నడు. గవి ఇంకా గాడనే ఉన్నయి సూడుండ్రి."

అరలో ఆరు వీల్స్, పాత దారంతో కట్టి ఉన్నాయి.

జీపు నయాపూల్ దాటింది. వీరరాఘవరావు వామన్‌రావు వైపు తిరిగాడు.

"పాడైపోయిందని తెలిసిన వీల్‌ను ఆ మనిషి ఎందుకు బిగిస్తాడయ్యా?"

"లాలచ్ సార్, పైసల ఆశ. పేదోడు. ఉన్నదానితోని నడిపిద్దామనుకుంటడు."

"వెయ్యి రూపాయల మేస్త్రీకి కూడా ఉండని పట్టింపు ఉన్నవాడు. లాలచ్ అంటావా?"

వామన్‌రావు టోపీ సర్దుకున్నాడు.

* * *

స్టేషన్‌లో కూర్చున్న ఆండాలును వెంటబెట్టుకుని వీరరాఘవరావు ఆమె ఇంటికి వెళ్ళాడు. ఇల్లు షెడ్డు వెనకే. ఒకే గది. మూలకు దేవుడి గూడు. దీపం లేదు. కుంకుమ భరిణె మీద పళ్ళెం బోర్లించి ఉంది. ముందు ఒక చిన్న ఎర్ర కాగితం పొట్లం.

"అదేమిటమ్మా?"

"వెండి కండ్లు సార్. మూడేండ్ల కింద ఆయన కంట్ల ఇనుపరజను పడ్డది. కన్ను పోతదన్నరు. మైసమ్మ తల్లికి మొక్కిన, కన్ను నిలబెడితే వెండి కండ్లు ఇస్త అని. కన్ను నిలిచింది. కండ్లు చేపిచ్చినం. ఇద్దరం కలిసి పోదాం, వచ్చే బోనాలకు పోదాం అనుకుంటనే ఉన్నం. బాకీ గట్లనే ఉండిపోయింది."

"నువ్వే ఇచ్చి రావచ్చుగా?"

"ఈ చేతులతోనా?"

గుమ్మం దాటుతూ వీరరాఘవరావు ఒక్క మాట అన్నాడు. "సాయంత్రం నాలుక్కి షెడ్డుకు రా అమ్మా."

* * *

నాలుగు గంటలు.

రేకుల షెడ్డు. కాలిన ఇనుము వాసన. మధ్యలో నేల మీద ఇసుక పోసి ఉంది. ఎందుకు పోశారో ఎవరూ అడగలేదు.

రామ్‌చందర్ తెల్ల లాల్చీలో కుర్చీ మీద కూర్చున్నాడు. వయసు యాభై. నోట్లో పాన్. లక్ష్మయ్య వెల్డింగ్ సెట్ పక్కన ఒదిగి నిలబడ్డాడు. ఆండాలు గడప దగ్గరే ఆగిపోయింది.

"రామ్‌చందర్ గారూ, వీల్ పగిలినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇంట్ల. పూజల ఉన్న."

"లక్ష్మయ్యా, నువ్వు?"

"చాయ్‌కి పోయిన సార్."

"వైరు పీకింది నువ్వేగా? చాయ్ దుకాణం రైలు పట్టాల అవతల ఉంది. అంత దూరం నుంచి చప్పుడు విని వచ్చావా?"

లక్ష్మయ్య రామ్‌చందర్ వైపు చూశాడు. రామ్‌చందర్ పాన్ నములుతూనే ఉన్నాడు.

"ఈశ్వరయ్యకూ నీకూ పడదట?"

"గది... పని కాడ మాటమాట అనుకుంటం సార్. గంతే."

"సరే. రామ్‌చందర్ గారూ, ఈవిడ నానబెట్టినవి ఆరు వీల్స్. ఒకటి పగిలిందన్నారు. మిగిలిన అయిదు ఏవి?"

"పారేపిచ్చిన సార్. ఇంకొకని ప్రాణం తియ్యాల్నా? మూసీల ఏపిచ్చిన."

"ఎవరి చేత?"

"గీ లక్ష్మయ్య తోని."

లక్ష్మయ్య తల ఊపాడు. కాని ఆ సమయంలో అతని కళ్ళు ఒక్క క్షణం పని బెంచీ కిందకు పోయి వచ్చాయి.

వీరరాఘవరావు బెంచీ దగ్గరకు నడిచాడు. బరువైన ఇనుప బెంచీ. షెడ్డు నేల కాలువ వైపు బాగా వాలి ఉంది. బెంచీ మాత్రం సమంగా ఉంది. వంగి చూశాడు. ఒక కాలి కింద గోనెగుడ్డ చుట్టిన దిమ్మె.

"వామన్‌రావ్, ఎత్తు."

ఇద్దరు కానిస్టేబుళ్ళు బెంచీ ఎత్తారు. వీరరాఘవరావు గోనెగుడ్డ లాగి విప్పాడు. గుండ్రటి నల్లటి వీల్స్. ఒక్కొక్కటి తీసి బెంచీ మీద పరిచాడు. ప్రతి దాని మీదా రంధ్రం చుట్టూ నాలుగు పసుపు బొట్లు. బొట్టు మధ్యలో కుంకుమ.

ఆరు.

ఆండాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీవేనా అమ్మా?"

"నావే సార్."

"ఆరు కడిగింది. ఆరూ ఇక్కడున్నాయి. పగలకుండా. మరి గొంతులో దిగిన ఏడోది ఎక్కడిది రామ్‌చందర్ గారూ?"

పాన్ నమలడం ఆగింది.

వీరరాఘవరావు పొట్లం విప్పి పగిలిన ముక్కను తీశాడు. దాని వంపు అంచును ఒక వీల్ అంచు మీద పెట్టాడు. కలవలేదు. ముక్క వంపు పెద్ద గుండ్రానిది.

"ఇవి అయిదంగుళాల వీల్స్. ఇది ఏడంగుళాల దాని ముక్క. నిదానంగా తిరిగే పెద్ద మెషీన్‌కు పెట్టేది. ఈశ్వరయ్య చేతిలో ఉన్నది జోరుగా తిరిగే చిన్న మెషీన్. గార్డ్ ఉంటే ఇది అందులో పట్టదు. అందుకే గార్డ్ తీశారు."

"వాడే తీసుకుండు! నేను పూజల ఉన్న అని చెప్పిన గద."

"మరి దీని మీద పసుపు ఎవరు పెట్టారు?"

"ఆమెనే! ఆయుధపూజల..."

"పూజలో పెట్టిన పసుపు పైముఖం మీద ఉంటుంది. వీల్ పగిలాక లోపల కనబడే భాగం శుభ్రంగా ఉండాలి. ఇది చూడండి. విరిగిన అంచు మీద పసుపు. జాలి పోగుల్లో పసుపు. రక్తం కింద, పసుపు పైన. వీల్ పగిలి, మనిషి పోయి, రక్తం ఎండిన తరవాత ఎవరో తీరిగ్గా పసుపు కలిపి పూశారు. మూడో రోజు కర్మకు జేబులో పెట్టుకుని వెళ్ళడానికి."

ఉప్పుగూడలో రైలు ఆగి మళ్ళీ కదిలింది.

లక్ష్మయ్య ఇసుక మీద కూలబడ్డాడు.

"నేను చాయ్‌కి పోలే సార్. ఈడనే ఉన్న. గా వీల్స్ మూసీల ఏయమని సేఠ్ అన్నడు, నాకు మనసొప్పలే."

"నోర్ముయ్‌రా!" రామ్‌చందర్ లేచాడు.

"కూర్చోండి" అన్నాడు వీరరాఘవరావు. "నువ్వు చెప్పు."

"ఈశ్వరన్న ఆ ఆరు వీల్స్ ఇగ పనికిరావన్నడు. తెల్వక ఎవరన్న బిగిస్తరని బెంచీ కింద పెట్టిండు. వదినెకు చెప్పకుండ్రి, పానం కొట్టుకుంటది అన్నడు. కొత్తయి కొనమంటే సేఠ్ కొనలే. జుమ్మెరాత్ బజార్ల తుక్కు కుప్పల కెల్లి పాత పెద్ద వీల్స్ తెచ్చిండు. సోమవారం పొద్దుగాల తానే పానా పట్టుకొని గార్డ్ ఇప్పిండు. ఈశ్వరన్న వీల్‌ను టక్కున కొట్టి సూసిండు. ఇది సచ్చిన వీల్ సేఠ్, స్పీడ్ గూడ సరిపోదు, నేను ముట్ట అన్నడు."

"అయితే ఎందుకు ముట్టాడు?"

లక్ష్మయ్య ఆండాలు వైపు చూడలేక ఇసుక వైపు చూశాడు.

"సేఠ్ అన్నడు... 'కొయ్యవా? సరే. నీ పెండ్లాన్ని ఈడికి పిలిపిస్త. ఆమె పూజ ఎంత నుక్సాన్ చేసిందో గల్లీ అందరి ముందర ఆమె తోనే చెప్పిస్త. ఆరు వీల్స్ మెడల దండేసి తిప్పుత' అన్నడు. లేసి గడప దాక పోయి 'ఆండాలూ' అని గట్టిగ పిలిచిండు గూడ. ఈశ్వరన్న ఉరికొచ్చి సేఠ్ చెయ్యి పట్టుకుండు. 'వద్దు సేఠ్, కోస్త' అన్నడు."

ఆండాలు గడప పట్టుకుంది.

"నాకు ఇనవడ్డది" అంది. "పిలిచినట్టు ఇనవడ్డది. పొయ్యి మీద పప్పు పొంగుతున్నది. జర ఆగి పోదామనుకున్న."

"సంపాలని జెయ్యలే సార్!" రామ్‌చందర్ లాల్చీ చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "గేట్లు ఆ దినమే ఇయ్యాలె. పని ఆగొద్దని జేసిన. ఒక్క వీల్ సార్! అందరు వాడుతరు. వాని ఖర్మ."

"వీల్ వరకు మీ నిర్లక్ష్యం అనుకుందాం. పసుపు కలిపినప్పుడు? అది కూడా పని ఆగకూడదనేనా?"

రామ్‌చందర్ పాన్ ఉమ్మేశాడు.

"వామన్‌రావ్. ప్రాణం పోవచ్చని తెలిసీ చేసినందుకు మూడు వందల నాలుగు, రెండో భాగం. సాక్ష్యం మార్చినందుకు రెండు వందల ఒకటి. గార్డ్, పానా సీజ్ చెయ్యి. ఆ 'మృతుడే తీసివేసెను' అన్న ముక్క రాసింది నువ్వే. ఎవరు చెబితే రాశావో కూడా నువ్వే స్టేట్‌మెంట్ ఇవ్వు."

వామన్‌రావు తల వంచుకుని బేడీలు తీశాడు.

జీపు కదలబోతుంటే ఆండాలు వచ్చి పక్కన నిలబడింది. చేతులు కొంగులో నుంచి బయటికి వచ్చాయి. వేళ్ళ సందుల్లో పాత పసుపు ఇంకా ఉంది.

"ఒక్క మాట అడగనా సార్?"

"అడుగమ్మా."

"నా వీల్స్ పగలలే. మంచిదే. కాని నేను కడగకుంటె ఆ ఆరు మంచిగుంటుండె. ఆయన గవే బిగించుకుంటుండె. బతుకుతుండె గద?"

"ఇంటికి వెళ్ళమ్మా" అన్నాడు వీరరాఘవరావు.

* * *

మరుసటి ఆషాఢం. బోనాలు.

వీరరాఘవరావుకు ఉప్పుగూడలో బందోబస్తు డ్యూటీ పడింది. కేసు ఇంకా కోర్టులోనే ఉంది. రామ్‌చందర్ బెయిల్ మీద వచ్చి షెడ్డుకు కొత్త రంగు వేయించాడు. మైసమ్మ గుడి ముందు పందిరి కూడా ఈ ఏడు ఆయనదే. మైకులో ఆయన పేరు చదువుతున్నారు. లక్ష్మయ్యకు ఆ చుట్టుపక్కల ఎవరూ పని ఇవ్వడం లేదు.

డప్పుల మధ్య, నెత్తిన బోనాలెత్తుకున్న ఆడవాళ్ళ వరుస చివర ఆండాలు కనిపించింది. నెత్తిన బోనం లేదు. చేతిలో ఎర్ర కాగితం పొట్లం.

వీరరాఘవరావు గుంపును ఆపడానికి కట్టిన తాడు ఎత్తి దారి ఇచ్చాడు. ఆమె గడప ముందు పొట్లం విప్పింది. రెండు వెండి కళ్ళు. నాలుగేళ్ళు పొట్లంలో ఉండి నల్లబడ్డాయి.

లోపల పూజారి పసుపు నీళ్ళ తాంబాళం ముందుకు జరిపాడు.

"ఇందుల ముంచి కడిగి ఇయ్యి బిడ్డా."

ఆండాలు ఆ నీళ్ళ వైపు చూసింది.

"కడగ" అంది.

"అట్ల ఇయ్యొద్దు బిడ్డా. తల్లికి ఇచ్చేటిది..."

"కడగ తాతా."

ఆమె చెయ్యి చాచి నల్లబడిన వెండి కళ్ళను అలాగే అమ్మవారి పాదాల దగ్గర పెట్టింది. దండం పెట్టలేదు. అమ్మవారి ముఖంలోకి నేరుగా చూసింది.

"కండ్లు అడిగిన, ఇచ్చినవ్. గొంతు గూడ అడగాలని నాకు తెల్వకపాయె. తీస్కో తల్లీ. నీ బాకీ తీరింది."

వెనక్కి తిరిగి, తాడు కింద నుంచి వంగి, గుంపులో కలిసిపోయింది.